పక్కనుంచి

పై వాటా కుర్రాడు హేమసుందర్‌
పారాదీప్‌కి బదిలీ అయి వెళ్తూ
"పది రోజులంకుల్‌" అని
గాజు పెట్టె మా గుమ్మంలో దించాడు.
నాలుగో నెల నడుస్తోంది.

పెట్టెలో మూరెడు తొండ.
ఆస్ట్రేలియా జాతట, గడ్డమంతా ముళ్ళు.
వాడు పెట్టిన పేరు మాకు నోరు తిరగలేదు.
నూకరత్నం "గడ్డం మావ" అంది, అదే ఖాయమైంది.
"ముదిరితే ఊసరవెల్లి అవుతాదేటి?" అని
మొదటి వారం దాని దగ్గరికే రాలేదు.

నేను సింధియా షిప్‌యార్డులో
ముప్ఫై ఒక్క ఏళ్ళు క్రేను కింద సిగ్నల్‌ మనిషిని.
ఎనభై అడుగుల పైన గాజు గదిలో గంగులు,
కింద నేను,
మధ్యలో హోరు.
వేలు తిప్పితే లేపు, అరచెయ్యి వాలిస్తే దించు,
పిడికిలి బిగిస్తే అక్కడే ఆపు.
ఒంటితో మాట్లాడేవాళ్ళ సంగతి
నాకొకరు చెప్పాలా?

అందుకే, రెండో రోజు పొద్దున్న
అది ముందుకాలు ఎత్తి
గాల్లో నెమ్మదిగా ఒక సున్నా చుట్టినప్పుడు
పొంగిపోయాను.
"దండం పెడతంది చూడే!" అని కేకేశాను.
నేనూ చెయ్యి ఊపాను.
అది మళ్ళీ ఊపింది.
పెన్షన్‌ ఆఫీసులో కూడా నాకింత మర్యాద జరగలేదు.

నెల తర్వాత ఫోనులో హేమసుందర్‌ నవ్వాడు.
"దండం కాదంకుల్‌.
నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యకు అని."

నెల రోజులు
పూటకి రెండుసార్లు
ప్రాణభిక్ష అడిగించుకుని
బదులుగా టాటా చెప్పానన్నమాట.

అక్కణ్ణించి మళ్ళీ ఓనమాలు.
బల్బు కింద రాయెక్కి నోరు తెరిస్తే
కోపం కాదు, వేడి దించుకోవడం.
పొద్దున్నే అప్పడంలా పరుచుకుంటే ఎండ తాగడం.
గాజుని గోళ్ళతో గీకడం ఆట కాదు,
అందులో కనిపించే ఇంకో తొండని తరమడం.
నిమిరితే కళ్ళు మూసుకుంటుంది, సుఖమనుకున్నాను.
ఒక్కోసారి అది
నువ్వు కనపడకుండా పో అనడమట.
ఇది విన్నాక,
యార్డు కబుర్లు చెప్తుంటే
నూకరత్నం మూసుకునే కళ్ళకేసి
కాస్త అనుమానంగా చూశాను.

చిన్నప్పుడు మల్కాపురంలో
కంచె మీద తొండ తల ఊపితే
మమ్మల్ని వెక్కిరిస్తోందని రాళ్ళు వేసేవాళ్ళం.
నా గురి మంచిది.
ఇది నా చోటు అంటోందని
ఇప్పుడు తెలిసి ఏం చేస్తాను,
అరచేతిలో ఆ రాయి బరువు అలాగే ఉంది.

కార్తీకంలో తుపాను పట్టిన రాత్రి
కరెంటు పోయింది, బల్బు ఆరింది.
డాల్ఫిన్స్‌ నోస్‌ మీద లైట్‌హౌసు ఒక్కటే
వానలో వెలుగు తిప్పుతోంది.
టార్చి వేసి చూస్తే గడ్డం బొగ్గు.
పైమూత తీసి చెయ్యి దించాను.
ఇసుకకి అంటుకుపోయింది.
కాలు ఎత్తబోయి
ఎత్తలేకపోయింది.

యార్డులో మొదటి రోజు
నాకు నేర్పిన మొదటి మాట:
వేలాడే బరువు కింద నిలబడకు.
పైనుంచి దిగేదేదైనా దానికి గద్దే.
నా చెయ్యి కూడా.

మోకాళ్ళు కలుక్కుమంటుంటే నేల మీద కూలబడ్డాను.
పక్క తలుపు జరిపి, అరచెయ్యి లోపల పెట్టి
ఊరుకున్నాను.
నూకరత్నం కొవ్వొత్తి పట్టుకుని నుంచుంది,
ఒక్క మాటా అనలేదు.
చాలాసేపటికి చల్లటి పొట్ట
వేళ్ళ మీదికి, మణికట్టు మీదికి పాకింది.
వెచ్చదనం కోసం వచ్చింది, ప్రేమ అని నేననను.
తెల్లారేసరికి నా బనీను లోపల
దాని గడ్డం మళ్ళీ ఇసకరంగులోకి తిరిగింది.

ఇప్పుడు రోజూ నేల మీదే కూర్చుంటున్నాను.
మునగాకు నేను తుంచుతాను,
పురుగుల్ని మటుకు నూకరత్నమే, పట్టకారుతో.
ఈ పొద్దున్న పక్కనుంచి చెయ్యి పెట్టాను.
ఒక కన్ను తిప్పి చూసింది.
కాలు ఎత్తలేదు.
తినడం మొదలెట్టింది.

ఒళ్ళో ఉన్న రెండో చెయ్యి
దానంతటదే పిడికిలి బిగించింది:
అక్కడే ఆపు.