ఎంత ఎక్కిస్తావు?

ఆటోనగర్లో ముప్పై ఒక్క ఏళ్లుగా
లారీలకు కమాన్ కట్టలు కడుతున్నవాణ్ణి.
పట్టీ మీద సుత్తితో ఒక్కసారి తడితే చాలు,
ఎన్ని టన్నులు మోసిందో, ఎక్కడ విరగబోతుందో
చెవిలో చెప్పేస్తుంది.
అలాంటివాణ్ణి
బందరు రోడ్డులో ఏసీ షాపులో
ఒక సైకిల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను,
పెళ్లిచూపులకని తప్పుడు ఇంట్లో దూరినట్టు.

ఆ అమ్మాయి పేరు సలోమి.
జేబులో అలెన్ కీలు, మోచేతి మీద ఎండిన గాయం.
ఎక్కడ తొక్కుతారు సార్, అంది.
మూలపాడు అన్నాను. కొండపల్లి అడవి అంచున
వానకు కోసుకుపోయిన బాట,
గుండ్రాళ్లు, తుమ్మముళ్లు,
వేరు అడ్డం పడితే దిగి నడవాల్సిన చోట్లు రెండు.
ఇప్పుడు దేని మీద వెళ్తున్నారు?
పాల క్యాన్లు మోసిన పాత సైకిల్ మీద.
నవ్వలేదు. అందుకే ఇంకాసేపు ఉన్నాను.

ముందు ఫోర్కులో మాత్రమే షాకు ఉన్నది చూపించింది.
తేలిక, ఎక్కడానికి హాయి, లక్షలోపు.
వెనక చక్రం మీద అరచేత్తో నొక్కాను. బండరాయి.
వద్దమ్మా,
సుత్తి దెబ్బ దాగలి మీదే పడ్డా
సగం నా నడుములోకే దిగింది ఇన్నాళ్లూ.

తర్వాతది నూట అరవై మిల్లీమీటర్లట.
కొండ మీంచి దూకేవాళ్లకు.
నొక్కితే తడిసిన పరుపులా కుంగింది.
బాగానే ఉంది కానీ
మూలపాడులో దిగాలంటే ముందు ఎక్కాలిగా.
మా షెడ్డుకూ వచ్చేవాళ్లు ఇలాగే,
చిన్న ట్రాలీకి పదిటైర్ల లారీ కట్ట వేయమని.
వేస్తే ఏమవుతుంది,
ఖాళీగా వెళ్లేటప్పుడు గొర్రెపిల్లలా గెంతుతుంది.
అవసరానికి మించిన బలం కూడా ఒక రిపేరే.

మూలన ఉంది మూడోది. నూట ముప్పై.
బూడిద రంగు, సెకండ్ హ్యాండు.
పటమట పళ్ల డాక్టరొకాయన నాలుగుసార్లు తొక్కి
భార్య మాట విన్నాడట.
చైను పక్కన గీత, వేలుగోరంత.
వెనక షాకులో ఉక్కు లేదు. గాలేనట.
గాలి మోస్తుందా మనిషిని, అన్నాను.
లారీ టైర్లో ఏముంది సార్, అంది.

చిన్న పంపు బిగించి తల ఎత్తింది:
మీ బరువెంత సార్?

చీమకుర్తి రాళ్ల బరువు అడిగాను నేను,
ఇసుక బరువు, గుంటూరు యార్డు నుంచి వచ్చే
మిర్చి టిక్కీల బరువు.
నిజం చెప్పరా, ఎంత ఎక్కిస్తావు,
అని డ్రైవర్ల మీద గుడ్లురిమాను.
ప్రతివాడూ రెండు టన్నులు దాచేవాడు.
నన్ను అడిగి
నా కోసం స్ప్రింగు సర్దినవాళ్లు
ఎవరూ గుర్తు రాలేదు.

డెబ్బై ఎనిమిది, అన్నాను.
పంపు ముల్లు ఆగింది.
ఎనభై నాలుగమ్మా, అన్నాను మళ్లీ.
నీళ్ల సీసా, పులిహోర డబ్బా విడిగా.

ఎక్కి కూర్చున్నాను. సన్నటి రబ్బరు రింగు
పావు వంతు జరిగి ఆగింది.
ఇంత కుంగాలి సార్, కుంగకపోతే
గుంటలోకి చక్రం దిగదు, నేలను వదిలేస్తుంది.
ఈ మాట మా కుర్రాళ్లకు నేను చెప్పేదే,
కాకపోతే తిట్లు కలిపి.

లక్షా నలభై చెప్పింది. లక్షా పది అన్నాను.
పెడల్స్ విడిగా కొనుక్కోవాలట.
పెడల్స్ లేకుండా అమ్మేదాన్ని సైకిల్ అని ఎలా అంటారో!
ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి
చీటీలో నా పేరు పక్కన బరువు కూడా రాయించుకున్నాను.

తిరుగు సిటీ బస్సులో వెనక సీటు.
స్పీడు బ్రేకర్ మీద టంగుమంది కింద.
ఎడమవైపు, రెండో పట్టీ.
ఆటోనగర్ గేటు దగ్గర దిగుతూ డ్రైవరుకు చెప్పాను.
తెలుసు బాబాయ్, అన్నాడు గేరు మారుస్తూ,
అది విరిగిన రోజే
నా నడుముకు తెలిసింది.