కెస్విక్ సరస్సు, మార్చి

పడవ అంచు నుంచి దంతె విసిరింది మ్యూరియల్.
తాడు లాగితే
పళ్ళకు చుట్టుకుని ఒక నీటితీగ.
పై ఆకులు గోరింట పండినట్టు,
కింద, లోతు చీకట్లో పెరిగినవి
కాకరపాదు పచ్చ.
కాడ ఒక్కటే.

"చలి," అంది వేళ్ళు ఊదుకుంటూ.
"ఎండ సరుకు దించుతూనే ఉంటుంది,
పొయ్యేమో అంటుకోదు.
ఆకేం చేస్తుంది?
కిటికీకి ఎర్ర తెర కట్టుకుంటుంది."

రెండు కణుపులు తుంచి తెచ్చుకున్నాను.
జామ్ సీసాలో, హీటరు పక్కన,
ఉత్తరం కిటికీ మసకలో పెట్టాను.

ఈస్టరు సెలవుల్లో చిగురేసింది,
పచ్చగా,
ఏమీ ఎరగనట్టు.

కింద పాత ఆకొకటి
ఇంకా తెర తీయలేదు.
చాలాసేపు చూస్తూ నిలబడ్డాను,
కోటు విప్పకుండానే.