ముప్పావు లీటరు

కాశీబుగ్గ వైన్స్ కొట్టులో
వైను అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే.
బోర్డు మీద రాశారు కదా అన్నాను.
"బోర్డు మీద శానా రాత్తాం బావూ" అని
కొట్టువాడు స్టూలెక్కి పై అరలోంచి దించాడు,
తన మెళ్లో తువ్వాలుతోనే దుమ్ము తుడిచాడు.
ఎర్రది నాలుగొందల ఇరవై.
తెల్లదాని మీద ముప్పై తక్కువ.
రెండూ కట్టించుకున్నాను,
ఫైనల్ మ్యాచి కదా, ఓ రాత్రికి పోనీలెమ్మని.

పిక్కలు ఎండబోసే సిమెంటు కళ్లంలో
దుప్పటి కట్టి, షామియానా వాళ్ల ప్రొజెక్టరు పెట్టాం.
స్టేషన్ రోడ్డు మిరపకాయ బజ్జీలు,
ఊర్మిళ పిన్ని పంపిన మెత్తళ్ల వేపుడు,
ఎవరూ కొనని నూక జీడిపప్పు ఓ తపేలాడు.
బిరడా తీసే మర పలాస మొత్తంలో ఎవరి దగ్గరుంటుంది?
గవర్రాజు స్క్రూడ్రైవరుతో లోపలికే తోసేశాడు.
గ్లాసు పోసినప్పుడల్లా అది మూతికి అడ్డం పడేది.

ఎర్రదీ బజ్జీ కలిపి పట్టించాం.
నోట్లో రెండు పార్టీల ఊరేగింపులు ఎదురుపడ్డాయి.
"దగ్గుమందురా ఇది,
సెంచాతో ఏసుకోవాల" అన్నాడు గవర్రాజు.

ఢిల్లేసు మాత్రం గోడకి జారబడి
ఐసుముక్క చప్పరిస్తున్నాడు.
వారానికి రెండుసార్లు మిషను మీద పడుకునేవాడు,
రోజుకి నీళ్లే ముప్పావు లీటరు, కొలిచి.
పదిహేనేళ్లు పప్పు గ్రేడు చేసిన చేతికి
ఆ పప్పే ముట్టొద్దని చీటీ రాసిచ్చారు.

"ఇలగియ్యి" అని నా గ్లాసు లాక్కున్నాడు.
మేం కంగారుపడ్డాం.
ముక్కు మాత్రమే లోపల పెట్టాడు.
చాలాసేపు తియ్యలేదు.
ఒక ఓవరు అయిపోయింది, రెండు సిక్సర్లు, ఎవరూ చూళ్లేదు.
"రేత్రి వానపడి, తెల్లారగట్ట
జీడితోటలో రాలిన పండు తొక్కుకుంటా ఎల్తే
అరికాలికి అంటుకుంతాది సూడు, అది."
మేమంతా మళ్లీ వాసన చూశాం.
అప్పటిదాకా లేదు. ఇప్పుడుంది.

ఇక వాడు చెప్పడం, మేం తాగడం.
"దీనికి కారం పడదు, బజ్జీలు ఎనక్కి ఒగ్గీండి.
నూక తేండి, నేతిలో ఏపి, ఉప్పు తక్కువేసి.
తెల్లది మెత్తళ్లకి. నిమ్మకాయ పిండక్కర్లేదు,
దాన్లోనే ఉంది."
చీకట్లో అరచేతిలో రుద్ది
రెండొందల నలభయ్యో మూడొందల ఇరవయ్యో చెప్పేవాడు,
ఒక్కటీ తప్పలేదు ఆ రాత్రి.
మెత్తళ్ల మీద తెల్లది ఎలా దిగిందంటే
గవర్రాజు కాసేపు మాట్లాడలేదు,
మాకు తెలిసి అది మొదటిసారి.
"ఎలగుందిరా?" అని ఢిల్లేసు అడుగుతుంటే
మేం నములుతూ తలూపుతున్నాం.
వాడు మా దవడలకేసే చూస్తున్నాడు.

నాలుగు పరుగుల్లో ఓడిపోయాం.
పదహారో ఓవర్లో చేతిలో పడ్డ బంతిని
లాంగాన్ వాడు జారవిడిచాడు, అంతే.
దుప్పటి విప్పుతుంటే
ఢిల్లేసు ఖాళీ ఎర్రసీసా టార్చి వెలుగులో తిప్పి తిప్పి
అట్ట మీద అంకెలు చదివాడు. ఏడొందల యాభై.
"నా రోజుకి సరిపడా కొలత ఈడే రాసీసినాడు" అని
సంకలో పెట్టుకుపోయాడు.

మొన్న వాళ్లింటికెళ్తే కిటికీలో ఉంది ఆ సీసా.
నీళ్లు ముదురుపచ్చ గాజులోంచి కనబడవు గానీ
బిరడా తేలుతోంది.
ఎంత తాగాడో, ఎంత మిగిలిందో
మంచం మీంచే తెలుస్తుందట.
"ఎన్నిసార్లు కడిగినా
మూడ్రోజులు నీళ్లు తోట వాసనేసీయిరా" అన్నాడు.
అప్పుడు మధ్యాహ్నం రెండు.
బిరడా సగానికి దిగింది.
నాకు దాహం వేస్తోంది,
అడగలేదు.