మస్టరు

మెట్టుగడ్డల అద్దె రూము. రాత్రి పదకొండున్నర.
టేబులు కింద కొత్త డబ్బా, అండ్ల ముప్పై రెండు కోర్లు.
మిర్యాలగూడ మిల్లు సేటు కొనిచ్చిండు:
గింజల ఫొటోలు చూసి
నూకేది, రంగు మారిందేది, మట్టిపెళ్ల ఏది
ధార కింద పడేలోపలే చెప్పాలె.

నాలుగు కోర్ల పాత డబ్బాకు ఒక బస్తా ఫొటోలు నలభై సెకండ్లు.
దీనికి నలభై ఒకటి.

"పైసలన్ని యాడ వోయినయమ్మా?"
సేటు ఫోను పెట్టేసినంక గూడ
ఆ మాట రూములనే ఉంది.

తెర మీద ముప్పై రెండు గీతలు
అన్ని నిండుగ, నూటికి నూరు.
ఒక్కడన్న కూసున్నోడు లేడు.
ఫ్యాను రొద, డబ్బా వేడి,
పని మాత్రం ముందటికి కదుల్తలేదు.

మోకాళ్లకు నూనె రాసుకుంట
మా ఉలిగమ్మ చిన్నమ్మ అటు చూసింది.
"కట్ట పని కాడ బుచ్చన్న మేస్త్రి గిట్లనే మస్టరు రాస్తుండె.
ఇరవై మందిమి, మిల్లరు ఒక్కటే.
తట్టలు వట్టుకొని వరుసల ఉంటుంటిమి.
ఊకె నిలవడితె తిడ్తడని
నిలవడ్డ కాడనే ఊగుతుంటిమి.
ఖాళీ తట్టతోని ఊగినా కైకిలే."

నేనేమనలేదు. ప్రొఫైలర్ నడిపిన.

ఇది బుచ్చన్న లెక్క కాదు.
సెకనుకు వెయ్యిసార్లు పోయి
ఒక్కొక్క కోరు భుజం తట్టి
"ఉన్నవా" అని అడగదు,
"ఇప్పుడు ఏ లైను మీద ఉన్నవు" అని అడుగుతది.
జవాబులన్ని బండ మీద బండ పేర్చి చూపిస్తది.
అన్నిటికన్న వెడల్పు బండ మీద రాసుంది: తాళం.
గింజలు లెక్కవెట్టే అంకె ఒక్కటే,
దానికి తాళం ఒక్కటే,
ముప్పై రెండు మంది దాని ముంగట ఊగుతున్నరు.

తాళం తీసేసిన. ఎవని అంకె వానికిచ్చిన.
ముప్పై ఎనిమిది.
ఏడుపొచ్చినంత పనైంది.

ఒంటిగంటకు ఇంకో పనిముట్టు,
చిప్పు లోపలికి పోయి మెమరీ బాటలు చూసేది.
అప్పుడు దొరికింది.
ఎనిమిది మంది అంకెలు ఒకే కాయితం మీద ఉన్నయి.
ఎవని గడిల వాడే రాస్తున్నడు, పక్కోనిది ముట్టుకుంటలేడు,
కాని రాయాలంటే కాయితం చేతిల ఉండాలె.
కాయితం ఈని చేతులకెల్లి వాని చేతులకు,
వాని చేతులకెల్లి ఈని చేతులకు.
కొట్లాట లేదు, తాళం లేదు,
ఎదురుచూసుడే.

ఒక్కొక్కనికి ఒక్కొక్క కాయితం ఇయ్యాలె.
అరవై నాలుగు బైట్లల్ల ఎనిమిదిట్ల రాత,
మిగిలిందంత ఉత్తగ ఇడిచిపెట్టాలె.
చిన్నప్పుడు నోటుబుక్కు అట్ట లోపలి దిక్కు గూడ
లెక్కలు చేసినదాన్ని,
గంత ఖాళీ ఇడువాలంటే చెయ్యి రాలె.
ఇడిచిన.

తొమ్మిది సెకండ్లు.

ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్న, మెల్లగ.
ఆశకు మళ్లోసారి ప్రొఫైలర్ పెట్టిన.
ఇప్పుడు అన్నిటికన్న వెడల్పు బండ
నా లైనే.
ఎంతసేపు పడుతుందో చూద్దామని
మొదటి రోజు నేనే రాసి మరిచిపోయింది.
గింజ గింజకు ఆగి
టైమెంతైందని అడుగుతున్నది.

గోడ దిక్కు పండుకున్న చిన్నమ్మ
ఇటు తిరగకనే అడిగింది,
"టైమెంతైంది బిడ్డా?"