నల్లబడ్డ ఉన్ని

ఈ బడికి వెచ్చదనం నా చేతి పార.
పంతొమ్మిదేళ్లుగా తెల్లవారకముందే
బొగ్గు ఎత్తుతున్నాను, బూడిద తోడుతున్నాను.
ఉలాన్‌బాతర్ చలికాలంలో
పొద్దు కూడా పొగలోంచి దగ్గుకుంటూ లేస్తుంది.

ఆ పిల్ల పేరు నింజిన్. ఏడో తరగతి, రెండో పూట.
బాయిలర్ గది మెట్లు దిగి, గుమ్మంలోనే ఆగి అడిగింది:
"బాబాయ్, పాత ఫ్యానేమైనా పడుందా?"
ఎందుకని నేనడగలేదు.
చచ్చిన కంప్యూటర్‌లోది ఒకటి
తుప్పు దులిపి ఇచ్చాను.

మిగతా కథ చెవిన పడింది తర్వాత.
ఒక అట్టపెట్టె, అందులో నా ఫ్యాను, ముందర
వాళ్ల గుడారం మీది పాత ఉన్ని పట్టా ముక్క.
మొదటి రోజు ఊపిరాడక ఫ్యానే ఆగిపోయిందట.
క్లాసంతా నవ్విందట.
వాళ్లవ్వ ఆ రాత్రి నిద్ర మానుకుని
ఉన్నిని వేళ్లతో ఏకి ఏకి
అవతలి దీపం కనబడేంత పల్చన చేసింది.

రెండో పెట్టె తిరిగింది.
చప్పుడుకేం, ముసలి పిల్లి గురక.
లెక్కల టీచరు చిమ్గే గారు గొంతు పెంచాల్సి వచ్చింది.
పెంచగలిగారు! అదివరకు దగ్గే పెరిగేది.

వెనక బెంచీ దుల్గూన్
మందు పీల్చే గొట్టం జేబులో ఉందో లేదో
గంటకోసారి తడుముకునేవాడు.
మొన్న ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.
వాళ్లమ్మ దాన్ని పట్టుకుని పరుగెత్తుకొచ్చి
గేటు దగ్గరే తిట్టిపోసింది,
తిడుతూ తిడుతూ ఎందుకో ఆగిపోయింది.

పదకొండో రోజు నింజిన్ మళ్లీ దిగింది, చేతిలో ఆ ఉన్ని.
మీగడలా పైకెళ్లింది
నా పార అడుగులా తిరిగొచ్చింది.
సొంత చేతిరాతని ఎవరు పోల్చుకోలేరు?

"నీదొక్కడిదే కాదులే," అంది నా మొహం చూసి.
"గుట్ట మీది పొయ్యిలన్నిటిదీ ఉంది. మాదీ ఉంది."
చుట్టూ చూసింది.
"ఇక్కడ కిటికీ ఏది బాబాయ్?"

మర్నాడు బొగ్గు కుప్ప పక్కన, విరిగిన బెంచీ మీద
మూడో పెట్టె.
పెన్సిలు రాత: వారానికోసారి ఉన్ని మార్చాలి.
మరిచిపోతే నేనే వస్తా.

పార అందుకునే ముందు దాని మీట నొక్కుతున్నాను.
అందుకోక తప్పదు. బయట మైనస్ ముప్పై,
పైన నాలుగొందలమంది పిల్లలు.
వెచ్చబెట్టేదీ నేనే, మసిపట్టించేదీ నేనే.
ఈ లెక్క ఆ పిల్లకింకా తేలలేదు.
నోటుబుక్కు మాత్రం
నా బల్ల మీదే వదిలి వెళ్లింది.