ఆరో ప్లగ్గు

గందె వీరభద్రం సేటుది
ఎనుమాముల మార్కెట్ల మిర్చి అడ్తి.
అరవై నిండినంక కొనుక్కున్నడు
రెండే సీట్ల ఎర్ర కారు.
మూడు చేతులు మారి వచ్చింది.
నేలను రాసుకుంట ఉరుకుతది.
స్పీడ్ బ్రేకర్ కనవడితే
సేటు ముందుగాల స్టీరింగుకు దండం పెడతడు.

మొన్న మిస్సింగ్ కొడుతున్నదని నా షెడ్డుకు తోలిండు.
ఎయిర్ ఫిల్టర్ దులిపితే
నేనూ, నా పోరడు ఓదెలూ
చెరి ఇరవై తుమ్ములు.

ఆరు ప్లగ్గులు ఇప్పి
గన్నీసంచి మీద పేర్చిన.
ఒకటి మసి. ఒకటి నూనెల మునిగింది.
ఒకటి తెల్లగ, పొద్దుగాల పొయ్యిల బూడిద లెక్క.
మిగిలిన మూడింటి కొసలు
ముసలోళ్ల పండ్ల తీరు అరిగినయి.
సేటు వంగి సూసిండు.
"గివ్వేనా? గింతంతనా?"
"గింతే సేటూ.
గివి రవ్వ వెట్టకుంటె నీ కారు ఉత్త రేకు డబ్బా."

మండి బజార్ల ఒకప్పుడు ఒక్కటే దుకాణం.
ఇప్పుడు నడుమ ప్లైవుడ్డు.
ఇటు జాఫర్ భాయ్, అటు ఖదీర్ భాయ్.
బోర్డును సుత కోసుకున్నరు:
ఇటు 'అన్వర్ ఆటో'
అటు 'స్పేర్ పార్ట్స్'.
పదకొండేండ్లాయె, అన్నదమ్ములకు మాటల్లేవు.

జాఫర్ భాయ్ అద్దాలు నుదుటి మీదికెల్లి కిందికి జార్చి
పాత ప్లగ్గును బల్బుకు అడ్డంబెట్టి సూసిండు.
స్టూలెక్కి, అటక మీద దుమ్ము ఊది,
"ఉన్నయి. అయిదు."
"ఆరు సిలిండర్లు భాయ్."
"అయిదే."
ప్లైవుడ్డు దిక్కు సూడకుంటనే
గడ్డంతోటి దాని దిక్కు సూపెట్టిండు.
"ఎవలో దొర కారుకని అబ్బా పదింటి డబ్బా తెప్పిచ్చిండు.
దొర మళ్ల రాలె.
పంపకాలల్ల అయిదు అయిదు.
పో, అడుగు.
నా పేరు మాత్రం ఎత్తకు."

రెండు మెట్లు దిగి, రెండు మెట్లు ఎక్కిన.
ఖదీర్ భాయ్ సొరుగు గుంజి
వెతకకుంటనే తీసిండు.
"నాలుగు జనరేటర్కని కొంటవోయి ఖరాబు జేసిండ్రు.
ఇది ఒక్కటి మిగిలింది."
ధర అడిగిన.
అటు చెప్పిందే ఇటు, రూపాయి తేడా లేదు.
బిల్లు రాసుకుంట, తల ఎత్తకుంట,
"ఆయనకు షుగరు తగ్గిందా?"

నేను ఎవల పేరూ ఎత్తలె.
"నడుస్తున్నది" అన్న.

మా నాయిన కాజీపేట డీజిల్ షెడ్డుల
ముప్పయ్యేండ్లు గ్రీజుల బతికిండు.
డీజిలింజనుకు ప్లగ్గులుండయిర, అనేటోడు.
గాలిని నొక్కి, నొక్కి, ఇగ పట్టనంత నొక్కితే
దానంతటదే మండుతది.
ఆ ప్లైవుడ్డు ముంగట నిలవడి
ఎందుకో నాయిన యాదికొచ్చిండు.
నాది పెట్రోలు పని.
నేను నిప్పు కొనుక్కరావాలె.

షెడ్డుకొచ్చి ఫీలర్ గేజి పెట్టిన.
అయిదు ఒక్క తీరు.
ఆరోదాని సందు జర్ర దగ్గర.
కొసలు అంటుకుంటే రవ్వ లేదు,
ఎడమైతే సుత లేదు.
గోరుతోటి అన్నట్టు, ఎంటికెంత, ఎత్తిన.
చేత్తోనే తిప్పి తిప్పి బిగించి
ఆఖర్ల పానతోటి పావు సుట్టు.
"ఇంకింత బిగిద్దామానె?" అన్నడు ఓదెలు.
"మరలు తెగితే నీ నెల జీతం పోతది."

రాత్రి ఎనిమిదింటికి సెల్ఫ్ కొడితే
షెడ్డు రేకులన్ని దడదడమన్నయి.
వీధి కుక్క లేచి, సూసి, మళ్ల పండుకున్నది.
ఓదెలు బానెట్ కాడ చెవి వెట్టి
"అన్నా, గండ్ల ఖదీర్ భాయ్‌ది ఏది?" అన్నడు.
నాకు సుత ఆనవట్టరాలె.
సేటు పైసలియ్యకుంటనే ములుగు రోడ్డు పట్టిండు.

తెల్లారి మండి బజార్ల జాఫర్ భాయ్ ఆపిండు.
"ఎంత తీసుకున్నడు?"
"నువ్వు చెప్పినంతే."
"ఒక్కదానికి సుతనా?" అని
కొద్దిసేపు తక్కెడ రాళ్లు సదిరిండు,
అక్కడ జోకెటిది ఏం లేకున్నా.

షుగరు సంగతి చెప్పలె.
చెప్తే, నడుమ ఎంత సందు వెట్టి చెప్పాలెనో
నా గేజిల ఆ రేకు లేదు.