క్యారేజీ లేని సైకిలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర.
కావలి ట్రంకురోడ్డు మీద పాలవ్యాను, నేను,
ఎవరిదో ఒక మేక.
వారమంతా ఊరి రక్తాన్ని గాజుపలకల మీద పూసి
చక్కెర ఎంతో, ఉప్పు ఎంతో రాసిచ్చే చేతులకి
ఈ పూట వంగిన హ్యాండిలు తప్ప పని లేదు.
ఎన్ని కిలోమీటర్లో లెక్కపెట్టే డబ్బాని
కావాలనే ఇంట్లో మర్చిపోయాను.

జలదంకి దాటాక తెల్లారింది.
తెల్లారడమంటే ఏమీ లేదు,
తాటిచెట్లు ఒక్కొక్కటే నల్లగా లేచి నిలబడ్డాయి
మెడల్లో ముంతలతో.
ఒక చెట్టు మీంచి దగ్గు వినిపించింది.
బ్రేకు పట్టాను.

పైన మాలకొండయ్య, మోకుకి వీపు ఆనించి
గెల కొస చెక్కుతున్నాడు.
కింద రవణమ్మ, కుండ ముందు గొంతుక్కూచుని
నన్ను కాదు, సైకిలుని చూసింది.

"ఏందమ్మా, దీనికి క్యారేజీ లేదే?"
ఉండదు.
"స్టాండో?"
అదీ ఉండదు.
"మరి ఏం మోస్తాది?"
నన్ను.
ఆమె నవ్వలేదు.
"నిన్ను నువ్వు మోసుకునేదానికి
ఇంతదూరం రావాల్నా?"

పక్క చెట్టుకి వాళ్ళ సైకిలు ఆనించి ఉంది.
వెనక చక్రానికి అటొక కుండ ఇటొక కుండ,
సీటు మీద గోనెపట్టా, పగిలిన పెడలు చుట్టూ పాత ట్యూబు.
నీదెంతయిందని అడిగింది.
ఒక సున్నా తీసేసి చెప్పాను.
అయినా బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

తాటాకు రేక వంచి పోసింది.
చల్లగా, నురగగా, అడుగున ఒక చీమతో.
"ఇప్పుడు తీపి. పదిగంటలకి పులస్తాది.
మద్దేనానికి అదే మాట్లాడతాది, మనం ఊరికే ఉండాల."
చక్కెర పదకొండు శాతం ఉండొచ్చని
నాలుక తనంతట తానే లెక్క కట్టింది.
సిగ్గేసి ఇంకో రేక అడిగాను.

తీసేసిన ఆ సున్నా
కలిగిరి దాకా నా వెనక చక్రంలో తిరిగింది.

కలిగిరిలో గాలికి పొగాకు వాసన.
వింజమూరులో ఆటోలోంచి ఒక కుర్రాడు
"అక్కా, లైసెన్సుండాదా?" అని అరిచి
తనే నవ్వుకుని వెళ్ళిపోయాడు.
తర్వాత ఎర్రమన్ను, ఎదురుగాలి,
పిక్కలో ఒక నరం పేరు పెట్టి పిలవడం.
దుత్తలూరు దగ్గర కొండ కనిపించింది.
కనిపించింది, అంతే.
గంట తొక్కినా అక్కడే కూర్చుని ఉంది.

ఉదయగిరి.
ఊరు ఎండలో పడుకుని ఉంది, దుర్గం లేచి కూర్చుంది.
ఇంత ఎత్తున గోడలు, మసీదు కమాను, పగిలిన మండపం.
ఏ రాజు కట్టాడో బోర్డు మీద రాశారు.
రవణమ్మ అయితే బోర్డు చదవదు,
"ఎవురు మోశారంట?" అని అడుగుద్ది.

సందులో గౌసియా ఆకురాయి పెట్టి
గరిటె కాడ మీద పువ్వు తీస్తోంది.
ఒళ్ళంతా చెక్కపొడి, కనుబొమల మీద కూడా.
గరిటె కొన్నాను. సంచీ లేదు.
"ఎట్టా తీసకపోతారు మేడమ్?"
చొక్కా వెనక జేబులో గుచ్చుకున్నాను.
కాడ వెన్నుపూస మీద వేలు పెట్టి
నిటారుగా కూర్చోమంది.

తిరిగి తొక్కలేకపోయాను. ఇది ఒప్పుకోవాలి.
కావలి బస్సు పైకెక్కించి కట్టారు సైకిలుని.
కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాడు,
నాకొకటి, దానికొకటి.
పొద్దున మోసింది ఇప్పుడు బరువైంది.
నోట్లో కల్లు ఎప్పుడో పులిసిపోయింది.

జలదంకి దగ్గర మసకవెలుతురు.
రోడ్డు వారన మాలకొండయ్య సైకిలు నెట్టుకుంటూ,
వెనక రవణమ్మ, కుండ మీద ఒక చెయ్యి వేసి
నడుస్తోంది.
కిటికీలోంచి గరిటె బయటపెట్టి ఊపాను.
ఆమె చూసిందో లేదో.
బస్సులో వాళ్ళు మాత్రం
తాగిందిలే అనుకుని ఉంటారు.